కృష్ణా డెల్టాలో పశువులు, గుర్రాలు, పెంపుడు జంతువులకు కాలిన గాయాలు: సహజ చికిత్సల స్థానం, పరిమితులు

సారాంశం

కృష్ణా డెల్టాలో వేసవి అగ్నిప్రమాదాలు, విద్యుత్తు తీగలు, మరిగే నూనె, తారు, చేపల చెరువుల్లో వాడే సున్నం వంటి కారణాల వల్ల పాడిపశువులు, కుక్కలు, పిల్లులు, గుర్రాలు కాలిన గాయాలకు గురవుతుంటాయి. ఇటువంటి సమయంలో యజమాని చేతికి ముందుగా అందేది ఇంట్లోని పదార్థమే. నెయ్యి, పసుపు, తేనె, కలబంద, కొబ్బరినూనె వంటి వాటిలో కొన్నింటికి శాస్త్రీయ ఆధారం ఉంది. కొన్ని హాని చేస్తాయి. మరికొన్ని ఒక జంతువుకు మేలు చేసి మరొక జంతువుకు విషమవుతాయి. సహజ పదార్థం ఏదైనా గాయాన్ని నీటితో చల్లార్చి, శుభ్రపరచి, లోతు అంచనా వేసిన తరువాతనే దానికి స్థానం ఉంటుందని ఈ వ్యాసం వివరిస్తుంది. క్షేత్రస్థాయిలో విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని రైతులకు ఏ విధంగా తెలియజేయవచ్చో సూచిస్తుంది.

ఉపోద్ఘాతం

డెల్టా గ్రామాల్లో పశువుల పాక, గడ్డివాము సాధారణంగా ఒకే దొడ్డిలో ఉంటాయి. పాకలకు తాటాకు, వరిగడ్డి కప్పు వేసే అలవాటు నేటికీ చాలాచోట్ల కొనసాగుతోంది. మార్చి నుండి మే వరకు వీచే వడగాలుల్లో ఒక నిప్పురవ్వ చాలు, గడ్డివాముతో పాటు పాక కూడా నిమిషాల్లో అంటుకుంటుంది. కట్టుతాడుతో బంధించి ఉన్న గేదె తప్పించుకొనే అవకాశం ఉండదు. కాలిపోయిన కప్పు వీపుపై పడుతుంది; కింద పరచిన గడ్డి కాలి పొదుగును, గిట్టలను దహిస్తుంది. యంత్రకోత తరువాత పొలంలో మిగిలిన వరికొయ్యలకు నిప్పు పెట్టే పద్ధతి మేతకు వెళ్ళిన పశువులకు మరొక ప్రమాదం.

విజయవాడ నగరంలో పరిస్థితి వేరు. అల్పాహార శాలల వద్ద తిరిగే వీధికుక్కలపై పడే వేడినీరు లేదా మరిగే నూనె, రహదారి పనుల్లో కాగుతున్న తారు, దీపావళి బాణసంచా, వేసవి మధ్యాహ్నాల్లో కాలే సిమెంటు, తారురోడ్లు ఇక్కడి ప్రధాన కారణాలు. ఒకప్పుడు జట్కాబండ్లకు కట్టిన గుర్రాలు నగరంలో నేడు దాదాపు కనుమరుగైనా, పెండ్లి ఊరేగింపులకు వినియోగించే గుర్రాలు టపాసుల మధ్య నడవవలసి వస్తోంది. కైకలూరు, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల్లో చెరువులకు వాడే పొడిసున్నం వల్ల రసాయనిక గాయాలు, తుపానుల అనంతరం తెగిపడిన తీగల వల్ల విద్యుద్ఘాత గాయాలు సంభవిస్తాయి.

ఈ ప్రమాదాలన్నింటిలో జంతువు పశువైద్యుని వద్దకు చేరే లోపు ఒకటి రెండు గంటల నుండి ఒకటి రెండు రోజుల వరకు గడిచిపోతుంది. ఆ వ్యవధిలో గాయానికి ఏమి పూశారన్నదే చాలా సందర్భాల్లో ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల గృహవైద్యం గురించి విస్తరణ సిబ్బందికి స్పష్టమైన అవగాహన అవసరం.

కాలిన గాయం స్వరూపం

వేడి తగిలిన చోట చర్మంలో మూడు మండలాలు ఏర్పడతాయని 1953లో జాక్సన్ అనే శస్త్రవైద్యుడు వివరించాడు. మధ్యభాగంలో కణజాలం పూర్తిగా మరణిస్తుంది. దాని చుట్టూ రక్తప్రసరణ మందగించిన మండలం ఉంటుంది. అన్నిటికన్నా వెలుపలి మండలంలో ఎరుపు, వాపు మాత్రమే కనిపిస్తాయి. ఈ మూడింటిలో చికిత్సకు లొంగేది ప్రధానంగా నడిమి మండలం. తొలి గంటల్లో దానిని కాపాడగలిగితే గాయం చిన్నదిగానే మిగులుతుంది. వేడిని లోపల నిలిపి ఉంచినా, చీము పట్టనిచ్చినా ఆ మండలం కూడా చచ్చి గాయం లోతుకు దిగుతుంది.

మనిషిలో వలె జంతువుల్లో పెద్ద బొబ్బలు సాధారణంగా ఏర్పడవు. వెంట్రుకలు గాయాన్ని కప్పివేస్తాయి. పైగా కాలిన తీవ్రత మొదటి రోజున పూర్తిగా బయటపడదు. రెండు మూడు రోజుల తరువాత చర్మం గట్టిపడి, తోలులా మారి, అంచుల వద్ద విడిపోవడం ప్రారంభించినప్పుడే అసలు లోతు తెలుస్తుంది. విద్యార్థులు క్షేత్రంలో చేయదగిన సులభ పరీక్ష ఒకటి ఉంది. గాయంపై మిగిలిన వెంట్రుకలను మెల్లగా లాగినప్పుడు అవి ప్రతిఘటన లేకుండా ఊడివస్తే, జంతువు నొప్పి చూపకపోతే, చర్మం పూర్తి మందంలో కాలినట్లు భావించాలి. నొప్పి తీవ్రంగా ఉండి, వెంట్రుకలు గట్టిగా నిలిచి ఉంటే గాయం పైపొరలకు పరిమితమైనట్లు గ్రహించవచ్చు. నొప్పి లేకపోవడం మంచి సూచన అని రైతు భావించే అవకాశం ఉన్నందున ఈ విషయాన్ని ప్రత్యేకంగా వివరించాలి.

కుక్కల్లో కాలిన విస్తీర్ణాన్ని తొమ్మిదుల నియమంతో స్థూలంగా లెక్కిస్తారు. తల, మెడ కలిపి 9 శాతం. ఒక్కొక్క ముందుకాలు 9 శాతం. ఒక్కొక్క వెనుకకాలు 18 శాతం. వీపుభాగం 18 శాతం. పొట్ట, ఛాతీ భాగం 18 శాతం. శరీరంలో 20 శాతానికి మించి లోతుగా కాలినప్పుడు గాయం చర్మానికి పరిమితమైన సమస్యగా ఉండదు. రక్తనాళాల నుండి ద్రవం కారిపోయి జంతువు షాక్‌కు గురవుతుంది. అటువంటి స్థితిలో ఏ లేపనమూ ప్రాణాన్ని కాపాడలేదు. రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కించడమే అత్యవసరం.

సుశ్రుతుని వర్గీకరణ

కాలిన గాయాలను లోతును బట్టి విభజించి, ఒక్కొక్క దానికి వేర్వేరు చికిత్స చెప్పే పద్ధతి భారతీయ వైద్యానికి కొత్త కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని అగ్నికర్మ అధ్యాయం ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగు స్థాయిలను పేర్కొంది. అతిదగ్ధంలో చచ్చిన మాంసాన్ని తొలగించి శీతల చికిత్స చేయాలని చెప్పడం నేటి శస్త్రచికిత్సా సూత్రానికి దగ్గరగా ఉంది. అదే గ్రంథం తేలికపాటి ప్లుష్టానికి వేడి చూపించమని చెప్పింది; ఆధునిక పరిశోధన ఈ సూచనను సమర్థించదు. ప్రాచీనమైనదన్న ఒక్క కారణంతో ఒక చికిత్సను అంగీకరించడం గాని, తోసిపుచ్చడం గాని సరికాదని ఈ ఒక్క అధ్యాయమే తెలుపుతుంది. ప్రతి సూచననూ విడివిడిగా పరీక్షించాలి.

గృహవైద్యంలో నేడు కనిపించే ప్రధాన లోపం ఈ వర్గీకరణను వదిలివేయడమే. పైపైన కమిలిన చోటికీ, ఎముక వరకు కాలిన చోటికీ ఒకే పదార్థం పూయడం వల్ల మంచి పదార్థం కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

తొలి చికిత్స: నీరు

సహజ చికిత్సల్లో అగ్రస్థానం నీటిదే. కాలిన భాగంపై చల్లని పారే నీటిని 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా ప్రయోజనం ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ ప్రయోజనం తగ్గుతుంది. మంట ఆరినా వెంట్రుకల కింద, మందమైన చర్మంలో వేడి నిలిచి ఉంటుందని, గేదె వంటి పశువులో ఇది మరింత ముఖ్యమని గుర్తించాలి.

డెల్టా పరిస్థితుల్లో కొన్ని జాగ్రత్తలు అవసరం. వేసవిలో మేడపై ట్యాంకులోని నీరు కాగి ఉంటుంది. ఆ నీటిని కొంతసేపు వదిలివేసిన తరువాతనే వాడాలి. చేతిపంపు, బోరు, కుండలోని నీరు మేలు. వేసవిలో కాలువలు కట్టివేసినందున చాలా గ్రామాల్లో చెరువునీరే దగ్గరగా ఉంటుంది. వేరే దారి లేనప్పుడు వేడిని తగ్గించడానికి దానిని వాడవచ్చు. అయితే ఆ తరువాత గాయాన్ని తప్పక శుభ్రమైన నీటితో కడగాలి. కాలిన గేదెను చెరువులోకి వదలరాదు. బురదలోని సూక్ష్మజీవులు గాయంలో చేరి తీవ్రమైన నష్టం కలిగిస్తాయి. కాలని భాగాలపై నీరు చల్లి, నీడలో ఉంచితే దాని శరీరతాపం తగ్గుతుంది.

మంచుగడ్డలు వాడరాదు. అవి రక్తనాళాలను బిగించి నడిమి మండలాన్ని మరింత దెబ్బతీస్తాయి. చిన్న కుక్కపిల్ల, పిల్లి వంటి వాటిలో గాయాన్ని చల్లార్చుతూ మిగిలిన శరీరాన్ని పొడిగుడ్డతో వెచ్చగా ఉంచాలి.

మూడు సందర్భాల్లో ఈ పద్ధతికి ముందు మరొక పని చేయాలి. పొడిసున్నం పడినప్పుడు మొదట మెత్తని చీపురు లేదా గుడ్డతో పొడిని దులిపి, తరువాత ధారాళంగా నీరు పోయాలి. విరుగుడుగా నిమ్మరసం, చింతపండు పులుసు పోయరాదు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు మరింత వేడి పుడుతుంది. విద్యుద్ఘాతమైతే కరెంటు నిలిపివేసిన తరువాతనే జంతువును ముట్టుకోవాలి. తారు అంటుకున్నప్పుడు చల్లని నీటితో గట్టిపడనిచ్చి, పీకివేయకుండా వదలాలి. తరువాత వంటనూనె లేదా పెట్రోలియం జెల్లీ రాసి నెమ్మదిగా కరిగించి తుడవాలి. కిరోసిన్, పెట్రోలు వాడకం చర్మాన్ని మళ్ళీ కాల్చడంతో సమానం.

పూయకూడని పదార్థాలు

నెయ్యి, వెన్న, ఆముదం వంటివి తాజా గాయంపై పూసినప్పుడు వేడిని లోపలే బంధిస్తాయి. తరువాత గాయాన్ని శుభ్రపరచడం కష్టమవుతుంది. తారు తొలగించడానికి నూనె ఉపయోగపడటం వేరు, కాలిన వెంటనే నూనె పూయడం వేరు. ఈ భేదాన్ని రైతులకు ఉదాహరణతో చెప్పాలి.

పేడ, బూడిద, మట్టి పూయడం అన్నిటికన్నా ప్రమాదకరం. పేడలోను, పశువుల దొడ్డి మట్టిలోను ధనుర్వాత క్రిమి బీజాలు ఉంటాయి. చచ్చిన కణజాలంలో ప్రాణవాయువు అందక ఆ బీజాలు మొలకెత్తుతాయి. టూత్‌పేస్ట్, సిరా, ఇంజను ఆయిలు, పసుపు సున్నం కలిపిన ముద్ద గాయాన్ని మరింత మండించి, రంగుతో లోతును కప్పివేస్తాయి. వైద్యుడు వచ్చేసరికి గాయం ఎంతవరకు కాలిందో చూడలేని స్థితి ఏర్పడుతుంది.

ఈ సందర్భంలో వాతలు పెట్టే ఆచారాన్ని కూడా ప్రస్తావించాలి. కుంటుతున్న ఎద్దుకు, మెడవాపు ఉన్న పశువుకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం చికిత్సగా చేస్తున్న పని అయినప్పటికీ, అది కొత్తగా ఒక కాలిన గాయాన్ని కలిగిస్తుంది. అసలు వ్యాధి నిలిచి ఉండగా వాతపై పుండు, పురుగులు అదనంగా చేరతాయి.

ఆధారం ఉన్న సహజ పదార్థాలు

తేనె: సహజ పదార్థాల్లో ఎక్కువగా పరీక్షించబడినది తేనె. దీనిలోని అధిక చక్కెర సూక్ష్మజీవుల నుండి నీటిని లాగివేస్తుంది. ఆమ్లగుణం వాటి పెరుగుదలను అణచివేస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. షోలాపూర్‌లో శస్త్రవైద్యుడు ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది రోగులపై చేసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, పైపొరల గాయాలు సిల్వర్ సల్ఫాడయజీన్ కన్న తేనెతో త్వరగా శుభ్రపడి మానాయి. 2015లో వెలువడిన కోక్రేన్ సమీక్ష కూడా పాక్షిక మందంలో కాలిన గాయాలు సాధారణ కట్లకన్న తేనె కట్లతో నాలుగైదు రోజులు ముందుగా మానుతున్నట్లు తేల్చింది. ఇవి మనుషులపై జరిగిన అధ్యయనాలని, లోతైన గాయాలకు వర్తించవని విద్యార్థులు గమనించాలి.

తేనెలో క్లాస్ట్రీడియం బీజాలు ఉండే అవకాశం ఉన్నందున గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్యశ్రేణి తేనెను ఎంచుకోవాలి. ఇంట్లో మరిగించి శుద్ధి చేయబోతే ఎంజైము నశిస్తుంది. బెల్లంపాకం, చక్కెరపాకం కలిపిన తేనె ప్రయోజనాన్ని ఇవ్వదు. పైగా చీమలను, ఈగలను ఆకర్షిస్తుంది. తేనె పూసిన గాయానికి కట్టు తప్పనిసరి.

కలబంద: కలబంద గుజ్జు చల్లదనాన్ని ఇచ్చి గాయాన్ని తడిగా ఉంచుతుంది. థాయ్‌లాండ్ పరిశోధకులు 2007లో నాలుగు అధ్యయనాలను కలిపి సమీక్షించి, కలబంద వాడిన గాయాలు సగటున సుమారు 9 రోజులు ముందుగా మానినట్లు పేర్కొన్నారు. అయితే ఆ అధ్యయనాల్లో వాడిన కలబంద రూపాలు వేర్వేరుగా ఉన్నందున ఈ సంఖ్యను జాగ్రత్తగా స్వీకరించాలి. ఆకును కోసినప్పుడు తొక్క కింద కారే పసుపుపచ్చని పాలు చర్మాన్ని మండిస్తాయి. కుక్క, పిల్లి నాకితే విరేచనాలు కలిగిస్తాయి. ఆకును నిలబెట్టి ఆ పాలు పూర్తిగా కారిన తరువాత, కడిగి, తొక్క తీసి, లోపలి పారదర్శకమైన గుజ్జును మాత్రమే వాడాలి.

పసుపు: కర్కుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉన్న మాట వాస్తవం. అయితే అది నీటిలో సరిగా కరగదు. గాయంపై చల్లిన పసుపుపొడి తడితో కలిసి పెచ్చుకట్టి, కింద చీమును దాచివేస్తుంది. వంటింటి పసుపు శుద్ధి చేసినది కాదు. కాబట్టి తాజా కాలిన గాయంపై పొడిగా చల్లడం మంచిది కాదు.

వేపనూనె: దీని ప్రయోజనం గాయం మధ్యలో కన్న గాయం చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన చర్మంపై ఎక్కువ. ఈగలను దూరంగా ఉంచి పురుగులు పడకుండా కాపాడుతుంది. పశువుల్లో, గుర్రాల్లో మాత్రమే ఈ విధంగా వాడాలి. నాకే అలవాటు ఉన్న పిల్లులపై వాడరాదు.

అరటి ఆకు: డెల్టాలో సులభంగా లభించే అరటి ఆకు మైనపు ఉపరితలం గాయానికి అంటుకోదు. మహారాష్ట్ర వైద్యులు గోరే, అకోలేకర్ 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో శుద్ధి చేసిన అరటి ఆకు కట్టు వల్ల కట్టు మార్చేటప్పుడు నొప్పి తక్కువగా ఉన్నట్లు గమనించారు. పశువైద్యశాలలో ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన ఆకును వాడవచ్చు. తోటలో కోసిన ఆకును కడిగి నేరుగా కట్టడం దీనికి సమానం కాదు. పశువును వైద్యశాలకు తరలించే సమయంలో మాత్రం గాయాన్ని దుమ్ము నుండి కాపాడటానికి శుభ్రంగా కడిగిన లేత ఆకు మురికిగుడ్డకన్న మేలు.

చేప చర్మం: ఒక చర్చనీయాంశం

డెల్టాకు ప్రత్యేకంగా సంబంధించిన ఒక అంశం తిలాపియా చేప చర్మం. బ్రెజిల్‌లోని సియారా ఫెడరల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శుద్ధి చేసిన తిలాపియా చర్మాన్ని మనుషుల కాలిన గాయాలకు కట్టుగా వాడారు. 2017 డిసెంబరులో కాలిఫోర్నియాలో సంభవించిన థామస్ దావానలంలో పాదాలు కాలిన రెండు ఎలుగుబంట్లకు, ఒక పర్వతసింహపు పిల్లకు డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యురాలు జేమీ పేటన్ బృందం ఇదే పద్ధతిలో చికిత్స చేసింది. చేప చర్మంలో కొల్లాజెన్ అధికంగా ఉండటం, గాయానికి గట్టిగా అంటి తేమను నిలపడం, తరచుగా కట్టు మార్చవలసిన అవసరం తగ్గడం దీని ప్రయోజనాలు. అడవి జంతువు కట్టును నమిలి మింగినా హాని కలగకుండా పైన బియ్యపు కాగితం, మొక్కజొన్న పొత్తి ఆకులతో చుట్టారు.

విజయవాడ సమీపంలోని మణికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తిలాపియా జాతి అభివృద్ధి కార్యక్రమాన్ని నిర్వహించింది. పశువైద్య కళాశాల, చేపల పెంపకం పక్కపక్కనే ఉన్న ప్రాంతం ఇది. శుద్ధి విధానాన్ని ప్రామాణీకరించగలిగితే వ్యర్థంగా పారవేసే చర్మం గేదెల, గుర్రాల పెద్దగాయాలకు చౌకైన కట్టుగా మారే అవకాశం ఉంది. అయితే చేపల బజారు నుండి తెచ్చిన పచ్చి చర్మాన్ని గాయంపై వేయడం ప్రమాదకరం. నీటిలోని ఏరోమోనాస్ వంటి సూక్ష్మజీవులు నేరుగా గాయంలో చేరతాయి. ఈ విషయం ప్రచారంలోకి వచ్చేటప్పుడే హెచ్చరిక కూడా వెంట వెళ్ళాలి.

జంతువును బట్టి మారే నియమాలు

పాడిపశువులు: పాక కాలిన ప్రమాదంలో వీపుపై గాయమే కంటికి కనిపిస్తుంది. పొదుగు, చన్నులు, గిట్టపై అంచులను తప్పక పరిశీలించాలి. గిట్ట అంచు కాలిన పశువు మొదటి రోజుల్లో నడిచినా, తరువాత గిట్ట ఊడిపోయే ప్రమాదం ఉంది. చన్నుల రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. పొగ పీల్చిన పశువులో దగ్గు, ఆయాసం ఒకటి రెండు రోజుల తరువాత కూడా బయటపడవచ్చు. యాంటీబయాటిక్ వాడిన పశువు పాలను నిర్ణీత గడువు వరకు అమ్మరాదు. నొప్పి నివారణకు డైక్లోఫెనాక్ వాడరాదు. రాబందుల మరణాలకు కారణమైనందున పశువుల్లో దీని వాడకాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది.

జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న సంప్రదాయ పశువైద్య విధానాల్లో కుప్పింటాకు, వెల్లుల్లి, వేపాకు, గోరింటాకు, తులసి, పసుపులను కొబ్బరి లేదా నువ్వులనూనెలో కాచి వాడే లేపనం రైతుల్లో ప్రాచుర్యం పొందింది. ఇది గాలికుంటు వ్యాధిలో వచ్చే కాళ్ల పుండ్ల కోసం సూచించినది. తాజా కాలిన గాయానికి దీనిని వాడరాదు.

కుక్కలు, పిల్లులు: వీటిపై పూసినది నోటిలోకి పోతుందని భావించే మందును ఎంచుకోవాలి. ఇండ్లలో సాధారణంగా ఉండే కర్పూరం కలిపిన కొబ్బరినూనె పశువుల పుండ్లలో పురుగులకు వాడుకలో ఉన్నా, కుక్కలకు, పిల్లులకు కర్పూరం విషం. వెల్లుల్లి, ఉల్లి కలిసిన లేపనాలు వాటి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. జింకు ఆక్సైడ్ లేపనాలను నాకడం కూడా హానికరం. మనుషులు వాడే పారాసెటమాల్ మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. గాయం నాకకుండా మెడపట్టీ అవసరం. పాదాలు కాలకుండా ఉండటానికి, అరచేతి వెనుకభాగాన్ని రోడ్డుపై ఏడు సెకండ్లు ఉంచలేని వేడిలో కుక్కను నడిపించరాదు. విద్యుత్తు తీగను కొరికిన కుక్కపిల్ల నోటిగాయం చిన్నదిగా కనిపించినా ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉన్నందున రెండు రోజులు గమనికలో ఉంచాలి.

గుర్రాలు: పెంపుడు జంతువులన్నింటిలో ధనుర్వాతానికి ఎక్కువగా లోనయ్యేది గుర్రం. కాలిన ప్రతి గుర్రానికీ, గాయం ఎంత చిన్నదైనా, ధనుర్వాత నివారణ టీకా స్థితిని పరిశీలించాలి. మానే దశలో దురద తీవ్రంగా ఉండి గుర్రం గాయాన్ని కొరుకుతుంది, గోడకు రుద్దుకుంటుంది. కాబట్టి రెండు వైపులా తాళ్ళతో కట్టి ఉంచవలసి వస్తుంది. మోకాలి కింది గాయాల్లో మాంసం పైకి ఉబ్బి పెరిగి చర్మం మూసుకోకుండా అడ్డుపడుతుంది. దీనిని నాటుమందులతో, తుత్తంతో కాల్చే అలవాటు మానాలి. మానిన చర్మంపై వెంట్రుకలు రాని చోట ఎండదెబ్బ తగలకుండా నీడ కల్పించాలి.

వైద్యసహాయం తప్పనిసరి అయిన సందర్భాలు

ముఖం, కన్ను, పొదుగు, జననాంగం, కీళ్ళు, గిట్టలు కాలినప్పుడు, గాయం జంతువు శరీరంలో పదోవంతు మించినప్పుడు, చర్మం తెల్లగా లేదా నల్లగా తోలులా మారినప్పుడు, పొగ పీల్చినప్పుడు, విద్యుత్తు, రసాయనాల వల్ల కాలినప్పుడు, దుర్వాసన, చీము, మేత మానడం, జ్వరం కనిపించినప్పుడు గృహచికిత్సను నిలిపివేసి పశువైద్యుని సంప్రదించాలి. సంచార పశువైద్య సేవకు 1962 నంబరు అందుబాటులో ఉంది. క్లిష్టమైన గాయాలను 1998లో స్థాపితమైన గన్నవరం ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల చికిత్సాలయానికి పంపవచ్చు.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

రైతు ఇప్పటికే ఏదో ఒకటి పూసి వస్తాడన్న అంచనాతోనే విస్తరణ కార్యకర్త సంభాషణ ప్రారంభించాలి. ‘నాటువైద్యం చేయవద్దు’ అన్న ఒక్క మాటతో రైతు తరువాతిసారి పూసిన విషయాన్ని దాచిపెడతాడు. దాని వల్ల వైద్యుడు పేడ కింద ఉన్న గాయాన్ని, వెల్లుల్లి నాకిన కుక్కను గుర్తించలేకపోతాడు. అందుకు బదులు, ఇంట్లో ఉన్న పదార్థాల్లో ఏది ఎప్పుడు పనికివస్తుందో చెప్పడం వల్ల నమ్మకం నిలుస్తుంది. రైతుకు ఈ క్రమాన్ని నేర్పాలి:

1. నిప్పు నుండి, కరెంటు నుండి జంతువును వేరు చేయడం.
2. 20 నిమిషాలు చల్లని నీటిధార.
3. ఏమీ పూయకుండా శుభ్రమైన తడిగుడ్డతో కప్పడం.
4. కాలిన కారణం, సమయం, పూసిన పదార్థం చెబుతూ వైద్యునికి కబురు.
5. వైద్యుడు లోతు చూసి అనుమతించిన తరువాతనే తేనె, కలబంద వంటివి, కట్టుతో.

నివారణ బోధన ప్రతి సంవత్సరం ఫిబ్రవరిలోనే జరగాలి. గడ్డివామును పాకకు దూరంగా వేయడం, పాక వద్ద నిండిన నీటితొట్టి ఉంచడం, ఒక్క లాగుతో ఊడిపోయే ముడితో పశువును కట్టడం ఖర్చు లేని జాగ్రత్తలు. మూడవది చాలామంది పట్టించుకోరు. మంటల్లో ముడి విప్పలేక తాడు కోసే కత్తి కోసం వెతికే సమయంలోనే పశువు కాలిపోతుంది.

విద్యార్థులు తమ గ్రామ అనుభవ కార్యక్రమంలో కాలిన పశువు కనిపించినప్పుడు కారణం, పూసిన పదార్థం, నీరు పోశారా లేదా, మొదటి, మూడవ, ఏడవ, పద్నాలుగవ రోజుల ఛాయాచిత్రాలు నమోదు చేయడం అవసరం. తేనె, కలబంద గురించి పైన చెప్పిన ఫలితాలు ప్రధానంగా మనుషుల నుండి వచ్చినవి. గేదె మందపాటి చర్మంపై, డెల్టా తేమలో, ఈగల మధ్య అవి ఎంతవరకు నిలుస్తాయో ఇటువంటి నమోదుల ద్వారానే తేలుతుంది.

ముగింపు

కాలిన గాయంలో సహజ చికిత్స, ఆధునిక చికిత్స పరస్పర విరుద్ధమైనవి కావు. నీరు, శుద్ధమైన తేనె, కలబంద గుజ్జు, శుద్ధి చేసిన అరటి ఆకు వాటి వాటి స్థానంలో విలువైనవి. అవి సిల్వర్ సల్ఫాడయజీన్, ద్రవచికిత్స, ధనుర్వాత నివారణ, నొప్పి నివారణలకు తోడుగా నిలవాలి. గాయం లోతు, జంతువు జాతి, కాలిన తరువాత గడిచిన సమయం అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలియకుండా ఏ పదార్థమైనా పూయడం గాయాన్ని పెంచే ప్రమాదమే. వేసవి ప్రారంభానికి ముందే ప్రతి పాడిరైతు కుటుంబానికి ఈ మూడు ప్రశ్నలు, ఇరవై నిమిషాల నీటిధార తెలిసేలా చేయగలిగితే, డెల్టాలో ప్రతి ఏటా పాక మంటల్లో గాయపడే పశువుల్లో అనేకం తిరిగి పాడికి, పనికి నిలబడగలవు.